చెరువు నిలిపినవారికి దశబంధము



వాననీటిని పట్టి నిలిపినవానిని మన పూర్వులు ఏ తీరున గౌరవించిరి? దండవేసి దీవించి పంపిరా, లేక అతని బిడ్డలకుగూడ అన్నము దొరకు ఏర్పాటేదైన చేసిరా? నాకిచ్చిన ఈ కొలది నిమిషములలో ఆ సంగతియే మీతో ముచ్చటింపదలచితిని. దీనికి సమాధానము పెద్ద గ్రంథములలోకంటె మన చిత్తూరు సీమ చెరువుకట్టల క్రిందను, పాత లెక్కల దస్తరములలోను ఎక్కువగా దొరకును.

మీరెల్లరు ఎఱిగిన సప్తసంతానములతో ఆరంభింతును. కుమారుడు, చెరువు, కావ్యము, నిక్షేపము, దేవాలయము, వనము, అగ్రహారము, ఈ ఏడును మనుష్యుని పేరు నిలుపునని పెద్దల మాట. కొడుకును చెరువును ఒకే పంక్తిని కూర్చుండబెట్టిన బుద్ధి గొప్పది. కొడుకు మాట వినకపోవచ్చును. చెరువు, మరమ్మతు చేసినన్నాళ్లు, మాట తప్పదు. అయితే సప్తసంతానమువలన వచ్చు ఫలము పరలోకపు లెక్క. నేను చెప్పబోవునది ఈ లోకపు లెక్క. కళ్లములో కొలగముతో కొలిచి యిచ్చిన లెక్క.

నేను పుట్టిన పల్లె బంగారుపాళ్యమునకు చేరువనున్నది. మొగిలి కనుమ యెక్కినచో పలమనేరు మిట్ట, దిగినచో చిత్తూరు వైపు పల్లము. ఆ దిగువ మొదటనే మా బంగారుపాళ్యము. గోదావరి వంటి నది మాకు లేదు. కృష్ణ వంటిదియు లేదు. పూర్వపు చిత్తూరు జిల్లా మొత్తముమీద ఏటికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన, అనగా 35, 36 అంగుళములు పడును. ఇది మరీ తక్కువ వానయని చెప్పరాదు. చిక్కు ఎక్కడనగా, ఆ వానలో మంచిభాగము ఆశ్వయుజ కార్తికములలో తుపాను వెంట వచ్చును. నాలుగు దినములు కుంభవృష్టి. ఆపైన నలువది దినములు మబ్బు జాడయే యుండదు. నేలక్రింద నల్లరాయి. కొండమీద పడిన నీరు వంకలబడి పరుగెత్తి, మనకు చెప్పక తమిళదేశము మీదుగా సముద్రమునకు పోవును. ఆ పరుగును ఆపుటకే మన పెద్దలు వంకవంకకు కట్ట వేసిరి. పై చెరువు నిండిన మొరవబోయి క్రింది చెరువునకు, అది నిండిన మరియొకదానికి, ఇట్లు గొలుసువలె కూర్చిరి. చెరువు నీటిని దాచుట మాత్రమే చేయునని తలచువారు సగమే చూచినవారు. వరద వేగమును విరిచి, మెల్లగా విడుచుటయు దాని పనియే. ఒక కట్ట తెగినచో ఆ నీరంతయు క్రింది కట్టమీద పడును. 1903 నవంబరులో పాలారు ఎగువను మైసూరు రాజ్యములోని చెరువు తెగగా, దిగువను వాణియంబాడి పట్టణము మునిగి అనేకులు మరణించిరి. కావున కట్టను కాచువాడు తన యూరినే కాదు, తానెన్నడు చూడని యూళ్లనుగూడ కాచుచున్నాడు.

ఇక శాసనమునకు వత్తము. కడప జిల్లాలో పోరుమామిళ్ల యను ఊరు కలదు. అచ్చటి పెద్దచెరువును బుక్కరాయల కుమారుడును ఉదయగిరి రాజ్యపాలకుడును అగు భాస్కర భవదూరుడు త్రవ్వించెను. శాసనకాలము 1369. చెరువు శాస్త్రమంతయు శిలమీద చెక్కించినవాడు ఇతడొక్కడేయని తోచును. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, చెడ్డచెరువునకు ఆరు దోషములును అందు చెప్పబడినవి. దోషములను వినుడు: కట్ట ఊట పోయుట, చౌటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, నీరు విస్తారమై పొలము కొంచెమగుట. వీనిలో మూడవదానిని చదివినపుడెల్ల నాకు నవ్వు వచ్చును. ఆరువందల యేండ్లు దాటినను, సరిహద్దు చెరువు తగవు మనకు తీరలేదు.

అంగములలో ధర్మాత్ముడగు రాజు మొదటివాడు. జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు రెండవవాడు. పిదప గట్టినేల, తియ్యనినీటి నది, రెండు కొండల నడుమ బిగియగట్టిన రాతికట్ట, లోతైన విశాలగర్భము, చేరువను పొడవైన రాళ్లు దొరకు గని, సమమైన సారవంతపు పొలము, ఇట్లు చెప్పి చెప్పి, పండ్రెండవదిగా చెరువు కట్టుటలో నేర్పుగల పనివారి గుంపును చెప్పినాడు. ఆ పనివాండ్రు లేనిచో తక్కిన పదునొకండు అంగములు ఉండియు చెరువు లేదన్నమాట. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసినట్లు ఆ శాసనమే లెక్క చెప్పుచున్నది. రాజు పేరు తెలిసినది. పనివారి లెక్క తెలిసినది. వేయిమందిలో ఒక్కని పేరును తెలియదు. ఇది శాసనకర్త తప్పని నేననను. అది ఆనాటి రివాజు. అయినను పనివారిని అంగములలో లెక్కించిన మేరకైన ఆ కవి న్యాయము చేసినాడు.

రాజులందరును ఇట్టి పనిచేసినవారే. దేశము చిన్నదైనను చెరువులు కాలువలు కలిగించి, పేదరైతునకు పన్ను తగ్గించి యిచ్చిన రాజునకు ధర్మమును ధనమును రెండును పెరుగునని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పెను. ఆయన గురువుగా ప్రసిద్ధుడైన వ్యాసతీర్థులవారు తమకు వచ్చిన దానముతో మన మదనపల్లె ప్రాంతమున వ్యాససముద్రమను చెరువు కట్టించిరి. దానిని గూర్చిన తామ్రశాసనము 1526వ సంవత్సరము నాటిది. తిరుమల శాసనములలోను ఈ మాట పలుమారు కానవచ్చును. భక్తులిచ్చిన పైకమును దేవస్థానపు గ్రామములలో చెరువులకు కాలువలకు వెచ్చించి, అందువలన హెచ్చిన పంటతో స్వామికి నైవేద్యము జరిపించిరి. దేవుని సొమ్ము మొదట చెరువులో పడి, తరువాత ప్రసాదమై పైకి వచ్చెడిది.

సరే, రాజులు త్రవ్వించిరి. నిలిపినవారెవరు? ఇచ్చటనే దశబంధము వచ్చుచున్నది. ఈ మాట మన కడప, చిత్తూరు, అనంతపురము సీమలలో ముసలివారి నోట నేటికిని వినబడును. శాసనములలో దశవందమనియు కానవచ్చును. పొరుగున కోలారు సీమలో కన్నడమువారు దీనినే కట్టుకొడగె యందురు. ఎవడైన తన సొంత సొమ్ముతో చెరువు కట్టినను, గండిపడి పాడైన చెరువును బాగుచేసినను, ఆ చెరువు క్రింది రాబడిలో ఒక భాగము అతనికి వంశపారంపర్యముగా చెందును. మొదట అది పదవవంతు, పేరే చెప్పుచున్నది. క్రమముగా ఊరినిబట్టి, పనినిబట్టి, హెచ్చుతగ్గులైనవి. దీనిలో రెండు రకములు ఏర్పడినవి. ఇంత నేలయని హద్దులు చూపి, శిస్తులేకుండ విడిచినది ఖండ దశబంధము. హద్దులు చూపక, చెరువు క్రింది ఆయకట్టు మొత్తపు రాబడిలో ఇంత వంతని తేల్చినది షామిలాతు దశబంధము. రెంటికిని షరతు ఒక్కటే: చెరువును చెడనీయరాదు. కట్ట క్రుంగినచో మన్ను పోయవలెను. తూము కారినచో మూయవలెను. మొరవ కదలినచో రాయి పెట్టవలెను. చేయనివాని మాన్యము నిలువదు.

పెద్దలు ఈ ఏర్పాటును కొంచెము తరచి చూడవలెను. శాలువ ఒకనాడు కప్పెదము. అది పెట్టెలో చేరును. దశబంధమట్లు కాదు. ఏటేట పంటకు పంటకు గౌరవము తిరిగి జరుగుచుండును. ఏటేట పనియు జరుగవలసినదే. షామిలాతులో మరియొక సొగసు కలదు. చెరువు నిండి ఊరంతయు పండిన యేట దశబంధదారునికి నిండుగా వచ్చును. చెరువు ఎండిన యేట రైతుతోపాటు అతడును ఎండును. ఊరి మేలునకును తన మేలునకును ఒకే ముడి వేసినారు. రాజబంధువులే కాక, గ్రామపెద్దలును, చేతిలో నాలుగు వరహాలు కూడబెట్టుకొన్న రైతులును చెరువు కట్టుటకు ముందుకు వచ్చుటకు కారణమిదియే. పుణ్యము కొఱకు కట్టినవారు లేకపోలేదు. కాని పుణ్యముతోపాటు పుట్లధాన్యము కూడ వచ్చుచుండుటచే ఆ పుణ్యము మనుమల కాలమువరకు చెడక నిలిచినదని నా యభిప్రాయము.

దశబంధదారునికి క్రిందివాడు నీరుగంటి. వీనిని గూర్చి చరిత్రకారులు వ్రాసినది తక్కువ. తూము తెఱచుట, మూయుట వాని పని. ఎవరి మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో వాని నోటిమాటయే తీర్పు. రెడ్డిగారి మడియైనను, కడజాతివాని మడియైనను, వంతు వచ్చినపుడే తడియవలెను. తుపానురాత్రి లాంతరు పట్టుకొని కట్టపొడవున నడచి, ఎలుకబొరియలో నీరు బుగ్గగా లేచుచున్నదేమోయని చూడవలెను. చాలయూళ్లలో ఈ పని ఊరిచివర వాడలలోని పేదవానికే వంశక్రమముగా వచ్చెడిది. వానికి పంటనాడు కళ్లములో మేర కొలిచెడివారు. వాని మేర కొలువక ధాన్యము ఇంటికి తోలుకొనిపోవుట తప్పుగా నెంచెడివారు. కూర్చుండ పీట వేయనివారును మేర మాత్రము ఎగవేయలేదు. ఇందులో గౌరవమెంత, అగౌరవమెంతయని అడిగినచో, రెండును కలవని నేను నిష్కర్షగా చెప్పగలను.

మన్ను మోసినవారు వడ్డెరలు. మన్నొడ్డెలు, రాతియొడ్డెలు, బండ్లొడ్డెలు అని తెగలుగా దేశమంతట తిరిగి, చెరువులు, బావులు, కోటలు, తరువాత రైలుకట్టలు వీరే వేసిరి. త్రవ్వినచోట నడుమనడుమ మట్టిదిబ్బలను విడిచి, వాని యెత్తునుబట్టి లోతు కొలిచి కూలి తీసికొనెడివారు. వీరికి దశబంధము లేదు. పని ముగియగానే గుడిసెలెత్తుకొని మరియొక యూరికి పోయెడివారు. చెరువులో మొదటినీరు చేరునాటికి దానిని త్రవ్వినవాడు ఆ యూర నుండడు.

అయినను ఈ సీమలో త్రవ్వుడుపనికి జరిగిన మర్యాద యొకటి కలదు. దానికి సాటివచ్చునది వేరొకచోట నేనెఱుగను. తిరుమలలో రామానుజులవారి శిష్యుడు అనంతాళ్వాను పూలతోటకు నీటికొఱకు చెరువు త్రవ్వెనట. నిండుచూలాలగు భార్య మన్ను మోయుచుండగా, ఒక బాలుడు వచ్చి ఆమెకు సాయపడెను. కైంకర్యములో పరులు వంతు తీసికొనరాదని పట్టుగల అనంతాళ్వాను కోపించి చేతిలోని గునపము విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలెను. తరువాత చూడగా గర్భగుడిలో స్వామి గడ్డమునుండి నెత్తురు కారుచుండెను. స్వామి గడ్డమునకు పచ్చకర్పూరము పెట్టుట నాటినుండి వచ్చినదని చెప్పుదురు. ఆ గునపము మహాద్వారమున నేటికిని వ్రేలాడుచున్నది. కథను మీరెట్లు నమ్మినను సరియే. రాజుల కత్తులు లెక్కలేనన్ని యుండగా, కొండమీది గుడి వాకిట జనమెల్ల చూచునట్లు వ్రేలాడదీసినది మన్ను త్రవ్విన పనిముట్టు.

ఇంతటి ఏర్పాటు ఎట్లు చెడెను? 1801లో ఆర్కాటు నవాబు రాజ్యముతోపాటు చిత్తూరు పాళెములును ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చినవి. మా బంగారుపాళ్యమును వానిలో నొకటి. పొరుగున దత్తమండలములకు కలెక్టరుగా 1800 మొదలు 1807 వరకు నుండిన మన్రో దొర దేశమంతయు తిరిగిచూచి, చెరువునకు అనువైన స్థలము ఇక ఖాళీగా లేదు, అన్నిచోట్ల జనులే ముందుగా కట్టియున్నారని వ్రాసెను. మెచ్చుకోలు మెచ్చుకోలే. కాని రైతువారీ పద్ధతిలో శిస్తు నేరుగా కచ్చేరికి పోవుచుండగా, ఊరిలో నిలిచి చెరువునకు తిరిగివచ్చు భాగము తరుగసాగెను. 1858లో చెన్నపురి ప్రభుత్వము నిర్బంధపు పనిని గూర్చి ఒక చట్టము చేసెను. గండిపడు ఆపద వచ్చినపుడు పిలిచిన రానివానికి దండన. వాడుకగా చేయవలసిన కుడిమరామత్తు చేయనివానివద్ద సొమ్ము వసూలు. చూచితిరా? మేర కొలిచి పిలిచిన పనికి, ఇప్పుడు జుల్మానా చూపి పిలువవలసి వచ్చెను. 1876 మొదలు 1878 వరకు ధాతుకరువు దేశమును ఊడ్చిపెట్టెను. ఆ పిదప, 1883లో, చెరువుల పునరుద్ధరణకై ప్రభుత్వము ప్రత్యేకపు ఏర్పాటు ప్రారంభించి, కొలతలు తీయించెను. పని కొంత జరిగినది. జీతగాండ్రు వచ్చి కొలిచి పోయిరి. రాత్రిపూట కట్టమీద నడచువాడు మాత్రము జీతగాడు కాలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము, 1956లో ఇనాముల రద్దు చట్టము వచ్చినవి. జమీందారీ పోవుట మంచిదే. దానికొఱకు కన్నీరు విడుచువాడను నేను కాను. కాని మాన్యముతో ముడిపడిన పని సంగతి ఎవరును గట్టిగా అడుగలేదు. నేల పట్టాభూమియై మిగిలెను. మన్ను పోయు బాధ్యత గాలికి పోయెను. పిమ్మట బోరుబావులు వచ్చినవి. నేడు మా వైపు మామిడితోటలకొఱకు వేయి అడుగులు త్రవ్వినను తడి తగులని చోట్లు కలవు. బోరు ఎవనిది వానిదే, చెరువు అందరిది. అందరిదగుటచేతనే ఎవనిదియు కాకపోయెను. పూడిక నిండిన చెరువులలో తుమ్మచెట్లు మొలచినవి, వరదకాలువలమీద ఇండ్లు లేచినవి.

2021 నవంబరు మూడవ వారములో తుపానువాన తిరుపతి, చిత్తూరు ప్రాంతములను ముంచినది. 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి పల్లెలు కొట్టుకొనిపోయినవి. రెండుదినములకు తిరుపతి చెంతనున్న రాయలచెరువు కట్టకు ఊట పడినది. కృష్ణరాయలనాటి చెరువని దానికి ప్రతీతి. క్రింది పల్లెలవారిని ఖాళీచేయించి, ఇసుకబస్తాలు వేసి, రాత్రింబవళ్లు పోరాడి కట్టను నిలిపిరి. ఆ నాలుగుదినములు కూలీలును, ఇంజనీర్లును, ఊరి యువకులును చేసిన పని పూర్వకాలపు నీరుగంటి తుపానురాత్రి ఒంటరిగా చేసినదే. చిన్న ఊటను ముందుగా కనిపెట్టినచో గంపెడు బంకమన్నుతో పోవును. ఆలస్యమైనచో వేలబస్తాలు కావలెను.

నేడు సన్మానములు లేకపోలేదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు పోరుమామిళ్ల చెరువును, ప్రకాశము జిల్లాలోని కంభము చెరువును, కర్నూలు కడప కాలువను ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములుగా గుర్తించిరి. కేంద్రప్రభుత్వమువారు జాతీయ జలపురస్కారము లిచ్చుచున్నారు. రాజస్థానమున చిన్నచిన్న మట్టికట్టలతో ఎండిన యేరులను పాఱించిన రాజేంద్రసింగునకు 2001లో మెగసెసే బహుమానము లభించెను. 2022 ఏప్రిలులో జిల్లాకు 75 చెరువులను బాగుచేయు అమృత సరోవర కార్యక్రమము ప్రారంభమైనది. ఇవి యన్నియు సంతోషింపదగినవే. ఒక కొరత మాత్రము నా మనస్సున మెదలుచున్నది. పోరుమామిళ్లలో గుర్తింపు చెరువునకు వచ్చినది, చెరువును 650 యేండ్లు నిలిపినవారికి రాలేదు. 1997 చట్టము ననుసరించి మన రాష్ట్రమున రైతుల నీటి సంఘము లేర్పడినవి. వానికి బాధ్యత యున్నది, ఎన్నికలున్నవి. కళ్లములో కొలిచి యిచ్చు పదవవంతు మాత్రము లేదు. కట్టమీద నడచువానికి ఏటేట ఏమి ముట్టునని అడిగినచో సమాధానము చెప్పువారు కానరారు.

గోదావరి మండలమువారు, ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన 1852 మొదలు నేటివరకు, కాటన్ దొరను తలచుకొనుచున్నారు. వారికి ఒక్క పేరు తలచిన చాలును. మనకట్లు కాదు. మన చెరువులు వేలు. వానిని నిలిపినవారు వేలకు వేలు. కాని వారందరును పేరులేనివారనుట పొరపాటు. 1858లో నియమింపబడిన ఇనాము కమిషనువారు తరువాతి యేండ్లలో ఊరూర తిరిగి, ప్రతి మాన్యమునకు ఒక పట్టీ వ్రాసిరి. ఎవరిచ్చిరి, ఎవరికిచ్చిరి, ఏ పనికొఱకిచ్చిరి, ఇప్పుడెవరనుభవించుచున్నారు, అని గడులు గీసి నింపిరి. దశబంధదారుల పేర్లు అందులో నున్నవి. ఆ రిజిస్టరులు కచ్చేరీలలోను దస్తావేజుల భాండారములోను బీరువాలలో పడియున్నవి. నకలు అడిగి తెచ్చుకొనవచ్చును. మీ ఊరి చెరువు పేరు, దాని క్రింది మాన్యము, మాన్యమునకు ఎదుట వ్రాసిన మనిషి పేరు చూచుకొని, తూము దగ్గర ఒక రాతిమీద చెక్కించుడు. ఆ పేరుక్రింద రెండు జానల చోటు విడిచిపెట్టుడు. నీరుగంటుల పేర్లు ఆ పట్టీలలో దొరకకపోవచ్చును. అవి మీ ఊరిలోని ఎనుబది యేండ్ల వృద్ధులకు తెలియును. వారిని ఈ కార్తికములోపలనే అడుగుడు.